శాపంగా రాసిన పల్లవి, పండగలా పాడే జనం: ‘అలైవ్’ పాటకు అసలు అర్థం ఏది?

ఊళ్లో పెద్దవాళ్లని “ఎలా ఉన్నావు పెద్దమ్మా?” అని పలకరిస్తే “ఏముందిరా, ఇంకా బతికే ఉన్నాను” అంటారు. ఆ ‘ఇంకా’ చాలా బరువైన మాట. తోటివాళ్లంతా వెళ్లిపోయారు, నన్ను మాత్రం తీసుకెళ్లలేదే అన్న ఫిర్యాదు అందులో ఉంటుంది. ఇప్పుడు ఇంకో మనిషిని ఊహించుకోండి. వరదలో చిక్కుకున్నాడు. రెండు రోజుల తర్వాత సిగ్నల్ దొరికితే ఇంటికి ఫోన్ చేసి “ఏడవకండి, నేనింకా బతికే ఉన్నాను” అన్నాడు. మాటలు అవే, అర్థం మాత్రం పూర్తిగా తిరగబడింది.

అమెరికన్ రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్ 1991లో విడుదల చేసిన ‘అలైవ్’ పాట మొత్తం ఈ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. ‘ఐయామ్ స్టిల్ అలైవ్’ అనేదే దాని పల్లవి. ముప్పై ఏళ్లు దాటినా ఆ బ్యాండ్ కచేరీల్లో ఈ పాట వస్తే వేలమంది పిడికిళ్లు పైకెత్తి, గొంతు చించుకుని పాడతారు. జబ్బు నుంచి కోలుకున్నవాళ్లు, మత్తుమందు మానేసినవాళ్లు, ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఇది తమ పాట అంటారు. కానీ ఆ మాటలు రాసి పాడిన ఎడ్డీ వెడ్డర్ మొదట్లో చెప్పింది వేరు. తన దృష్టిలో ఆ పల్లవి ఒక చిత్రహింస, ఒక శాపం.

అందుకే ఈ పాట గురించి మాట వస్తే రెండు వర్గాలు తయారవుతాయి. ధైర్యం చెప్పే పాటల లిస్టులో ఒకరు దీన్ని పెడతారు. “మీరు చరణాలు విన్నారా అసలు? ఇది ఎంత భయంకరమైన కథో తెలుసా?” అని ఇంకొకరు అడ్డం పడతారు. ఎవరిది సరైన అర్థమో తేల్చాలంటే ముందు ఆ చరణాల్లో ఏముందో చూడాలి.

చరణాల్లో ఉన్న కథ

మొదటి చరణంలో ఒక తల్లి కొడుకుని కూర్చోబెట్టి చిన్న కథ చెబుతానంటుంది. నువ్వు నాన్న అనుకుంటున్న మనిషి నీ నాన్న కాదు. నీకు పదమూడేళ్లప్పుడు, నువ్వు ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఉన్న రోజుల్లో, నీ అసలు నాన్న చనిపోతూ ఉన్నాడు. నువ్వు ఆయన్ని చూడలేకపోయావు, పాపం. ఏమైనా మనం మాట్లాడుకున్నాం, సంతోషం. ఇంతే, తల్లి మాట అక్కడితో అయిపోతుంది.

ఆ చివరి ముక్క నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. బిడ్డ బతుకుని తలకిందులు చేసిన వార్తని, కరెంటు బిల్లు కట్టేశాం అన్నంత మామూలుగా ముగించడం. మన ఇళ్లలోనూ పెద్ద రహస్యాలు బయటపడే తీరు చాలాసార్లు ఇదే. ఏళ్ల తరబడి దాచిన మాటని ఏదో ఒక మధ్యాహ్నం వంటింట్లో నాలుగు వాక్యాల్లో చెప్పేసి, “సరే, అన్నం తిను” అంటారు. చెప్పినవాళ్ల గుండె బరువు దిగుతుంది. విన్నవాడి బరువు అప్పుడే మొదలవుతుంది.

ఆ వెంటనే మొదటిసారి పల్లవి వస్తుంది. అంటే ‘నేనింకా బతికే ఉన్నాను’ అని అంటున్నది ఇప్పుడే తండ్రి చావు గురించి విన్న పిల్లాడు. ఆయన పోయాడు, నేను ఉన్నాను. ఇక్కడ సంబరానికి చోటే లేదు.

రెండో చరణం ఇంకా చీకటిది. తల్లి ఆ యువకుడి గదిలోకి నెమ్మదిగా నడిచి వస్తుంది. ఏం జరిగిందో పాట నేరుగా చెప్పదు. తర్వాతి రోజుల్లో ఇంటర్వ్యూల్లో వెడ్డర్ ఆ కథని వివరించాడు. పెరిగిన కొడుకు అచ్చం చనిపోయిన తండ్రిలా ఉంటాడు. ఆ తల్లి ఎక్కువగా ప్రేమించింది ఆ తండ్రినే. పోయిన మనిషి మళ్లీ కళ్ల ముందు తిరుగుతుంటే ఆమె మనసు అదుపు తప్పుతుంది. ఈ ప్రేమని ఏమని పిలవాలో, ఎలా తీసుకోవాలో కొడుక్కి తెలియదు. పల్లవి రెండోసారి వచ్చేసరికి ‘ఇంకా బతికే ఉన్నాను’ అంటే ఇది కూడా భరిస్తూ బతకాల్సి వస్తోందనే అర్థం.

మూడో చరణం దగ్గర కాసేపు ఆగాలి. పాట గుట్టంతా అక్కడే ఉంది కాబట్టి దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ట్యూన్ ముందు, మాట తర్వాత

మన సినిమా పాటల రచయితలకు బాగా అలవాటైన పద్ధతిలోనే ఈ పాట పుట్టింది. ట్యూన్ ముందు వచ్చింది, మాటలు తర్వాత వచ్చాయి. ట్యూన్ కట్టినవాళ్లు, మాట రాసినవాడు అప్పటికి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గిటారిస్టు స్టోన్ గోసార్డ్ సియాటిల్‌లో మదర్ లవ్ బోన్ అనే బ్యాండ్‌లో ఉన్నప్పుడు ‘డాలర్ షార్ట్’ పేరుతో ఈ ట్యూన్ తయారుచేశాడు. ఆ బ్యాండ్ గాయకుడు ఆండ్రూ వుడ్. వాళ్ల మొదటి పూర్తి ఆల్బమ్ విడుదల కావాల్సిన సమయంలో, 1990 మార్చి 19న, హెరాయిన్ ఓవర్‌డోస్ వల్ల ఆయన చనిపోయాడు. బ్యాండ్ అక్కడితో ముగిసింది. గోసార్డ్, బేస్ గిటారిస్టు జెఫ్ ఏమెంట్ కొన్నాళ్లకు తేరుకుని, మైక్ మెక్‌క్రెడీ అనే గిటారిస్టుతో కలిసి గొంతు లేని ట్యూన్లు కొన్ని రికార్డు చేశారు. గాయకుడి కోసం వెతుకుతూ ఆ క్యాసెట్‌ని తెలిసినవాళ్ల చేతుల్లో పెట్టారు.

డ్రమ్మర్ జాక్ ఐరన్స్ ద్వారా అది కాలిఫోర్నియాలోని శాన్ డియాగోకి చేరింది. అక్కడ వెడ్డర్ పెట్రోల్ బంకులో నైట్ షిఫ్ట్ చేసేవాడు. రాత్రంతా ఆ ట్యూన్లు విని, పొద్దున సముద్రంలో సర్ఫింగ్‌కి వెళ్లాడు. అలల మీద ఉండగా మాటలు తట్టాయి. ఇంటికి వచ్చి రాసుకుని, మూడు ట్యూన్ల మీద తన గొంతు రికార్డు చేసి క్యాసెట్‌ని పోస్టులో పంపాడు. అందులో ఒకటి ‘అలైవ్’.

అటువైపు నుంచి చూడండి. స్నేహితుణ్ణి పోగొట్టుకుని ఏడాది కూడా తిరగని ఇద్దరు మనుషులు, ఆ స్నేహితుడు బతికున్న రోజుల్లో తయారైన ట్యూన్ మీద, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ‘నేనింకా బతికే ఉన్నాను’ అని పాడటం విన్నారు. వెడ్డర్ ఆ మాట రాసింది తన తండ్రి గురించి. విన్నవాళ్లకు మాత్రం ఆండ్రూ వుడ్ గుర్తు రాకుండా ఎలా ఉంటాడు? అంటే ఈ పాట అర్థం మారడం కచేరీల్లో మొదలు కాలేదనిపిస్తుంది నాకు. క్యాసెట్ శాన్ డియాగో నుంచి సియాటిల్ చేరేలోపే ఒకసారి మారింది.

1990 అక్టోబర్‌లో వెడ్డర్ సియాటిల్ వెళ్లాడు. కొద్ది రోజుల్లోనే, అక్టోబర్ 22న, వాళ్లు ఒక క్లబ్బులో మొదటి కచేరీ ఇచ్చారు. 1991 ఆగస్టు 27న ‘టెన్’ అనే ఆల్బమ్ విడుదలైంది. దానికంటే ముందే, జులైలో, ‘అలైవ్’ సింగిల్‌గా, అంటే విడి పాటగా, బయటికి వచ్చింది. ‘టెన్’ తర్వాతి కాలంలో ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. గ్రంజ్ అని పిలిచే సియాటిల్ రాక్ ప్రపంచమంతా పాకిన రోజులవి. గ్రంజ్ అంటే స్థూలంగా హెవీ మెటల్ బరువు, పంక్ మొరటుతనం కలిసిన సంగీతం. మెరిసే బట్టలు, పార్టీ పాటలు పక్కన పెట్టి, ఇంట్లో గొడవలు, ఒంటరితనం, మత్తు, చావు గురించి దాపరికం లేకుండా పాడటం దాని గుణం.

ఎంత నిజం, ఎంత కల్పన

వెడ్డర్ సొంత జీవితంలోంచి వచ్చింది మొదటి చరణం. చిన్నప్పటి నుంచి నాన్న అనుకున్న మనిషి సవతి తండ్రి అని టీనేజ్‌లో తెలిసింది. కుటుంబానికి తెలిసినాయనగా ఎప్పుడో చూసిన ఒక మనిషే కన్నతండ్రి అని, ఆయన మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బుతో అప్పటికే చనిపోయాడని అప్పుడే తెలిసింది. తర్వాత అతను ఇంటిపేరు కూడా మార్చుకుని తల్లి పుట్టింటి పేరైన వెడ్డర్ పెట్టుకున్నాడు.

రెండో చరణం కల్పన. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. మొదటి చరణం నిజమైతే మిగతాదీ నిజమే అయి ఉండాలనుకుంటారు. పాటలో ‘నేను’ అనే మాట ఉన్నంత మాత్రాన ఆ ‘నేను’ రచయితే కానక్కర్లేదు. మన సినిమా పాటల్లో హీరోయిన్ విరహం గురించి రాసిన కవిని, అది ఆయన సొంత విరహమని మనం ఎప్పుడూ అనుకోం. రాక్ సంగీతంలో మాత్రం రాసినవాడే పాడతాడు కాబట్టి ఆ గీత చెరిగిపోయినట్టు కనిపిస్తుంది. వెడ్డర్ తన జీవితంలోని ఒక గాయాన్ని తీసుకుని, దాని చుట్టూ ఒక పాత్రని కట్టాడు. ఆ పాత్ర అతనికంటే చాలా దూరం వెళ్లింది.

మూడు పాటల కథ, మనకు చేరిన ఒక్క ముక్క

ఆ పాత్ర ఎంత దూరం వెళ్లిందో తెలిస్తే వెడ్డర్ ‘శాపం’ అన్న మాట అర్థమవుతుంది. మొదట పోస్టులో పంపిన మూడు పాటలూ కలిపి ఒకే కథ. వాటిని అభిమానులు ‘మామాసన్’ త్రయం అంటారు. మొదటిది ‘అలైవ్’. రెండోది ‘వన్స్’. అందులో ఆ కుర్రాడు మతి చెదిరి వరసగా హత్యలు చేసేవాడిగా మారతాడు. మూడోది ‘ఫుట్‌స్టెప్స్’. అందులో జైలు గదిలో ఉరి కోసం ఎదురుచూస్తూ తన బతుకుని తలుచుకుంటాడు.

ఈ వరసలో వింటే మొదటి పాటలోని పల్లవికి సందిగ్ధమేమీ ఉండదు. నేనింకా బతికే ఉన్నాను, అందుకే ఇన్ని ఘోరాలు జరగబోతున్నాయి అని. ఆ కుర్రాడు బతికి ఉండటమే ఆ కథలో విపత్తు.

కానీ ఈ వరసలో విన్నవాళ్లు ఎంతమంది? ఆల్బమ్‌లో ‘వన్స్’ మొదటి పాట, ‘అలైవ్’ మూడోది. అంటే కథలో రెండో అంకం ముందే వచ్చేసింది, మొదటి అంకం తర్వాత వచ్చింది. ‘ఫుట్‌స్టెప్స్’ ఆల్బమ్‌లోనే లేదు. తర్వాత ‘జెరెమీ’ సింగిల్‌కి రెండో వైపు పాటగా వచ్చింది. భారతంలో ఒక పర్వాన్ని తిప్పి వేసి, ఇంకో పర్వాన్ని పక్క పుస్తకంలో అచ్చేసినట్టు. కాబట్టి పల్లవిని ఆనందంగా అర్థం చేసుకున్న శ్రోతని “సరిగ్గా వినలేదు” అనడం న్యాయం కాదు. అతని చేతికి వచ్చిన పాటలో హత్యలు లేవు, ఉరికొయ్య లేదు. అయోమయంలో ఉన్న ఒక కుర్రాడు, ఒక పల్లవి, చివర్లో ఒక సుదీర్ఘమైన గిటార్ సోలో మాత్రమే ఉన్నాయి.

జవాబు చెప్పేదెవరు?

ఇప్పుడు మూడో చరణం. అందులో ఏమైనా తప్పు జరిగిందా అని ఆమె అడుగుతుంది. జరిగిందనే సమాధానం వస్తుంది. నువ్వింకా బతికే ఉన్నావు అంటుంది ఆమె. అప్పుడు అతను తనని తాను ప్రశ్నించుకుంటాడు: బతికుండే అర్హత నాకుందా? అసలు ప్రశ్న అదేనా? అదే అయితే జవాబు చెప్పేదెవరు?

పల్లవిలోని మాట ఇక్కడ తల్లి నోట కూడా వచ్చిందని గమనించండి. ఆమె ఏ గొంతుతో అందో పాట చెప్పదు. దాన్ని మూడు రకాలుగా తెలుగులో పెట్టి చూద్దాం.

“ఎన్ని జరిగితేనేం, నువ్వు బతికే ఉన్నావు కదా నాన్నా.” ఇది ఓదార్పు.

“తప్పేమిటంటే, ఆయన పోయాడు, నువ్వేమో ఇంకా బతికే ఉన్నావు.” ఇది నింద. అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు అన్నట్టు వినిపిస్తుంది.

“నువ్వు బతికే ఉన్నావు, ఇంక చాలు, దాని గురించి మాట్లాడకు.” ఇది నోరు మూయించడం. మొదటి చరణంలో ఆమె మాట ముగించిన తీరుకు ఇది దగ్గరగా ఉంటుంది.

మూడూ పాటలో ఇముడుతాయి. కొడుకు మాత్రం దాన్ని నిందగానే విన్నాడు. లేకపోతే అర్హత గురించిన ప్రశ్న రాదు. మానసిక వైద్యంలో దీనికి ఒక పేరుంది, సర్వైవర్ గిల్ట్. ప్రమాదంలోనో, యుద్ధంలోనో, జబ్బులోనో పక్కవాళ్లు పోయి తాను మిగిలినప్పుడు, మిగలడమే ఏదో నేరమైనట్టు మనిషిని తొలిచే అపరాధభావం. ఒకే బండి మీద వెళ్తున్న ఇద్దరు స్నేహితుల్లో వెనక కూర్చున్నవాడు పోతే, నడిపినవాడు ఏళ్ల తరబడి “నేనెందుకు మిగిలాను?” అనుకుంటూనే ఉంటాడు. తప్పు అతనిది కాదని అందరూ చెబుతారు, అతనికీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ ప్రశ్న ఆగదు.

పాటలోని కుర్రాడికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి తండ్రి. ఆయన లేడు. అందుకే “జవాబు చెప్పేదెవరు” అన్న మాటని రెండుసార్లు అడిగి చరణం ఆగిపోతుంది.

మాటలు ఆగిన చోట గిటార్

ఈ పాటని నిరాశ పాటగా మాత్రమే చదివేవాళ్లు ఒక ముఖ్యమైన విషయాన్ని వదిలేస్తారు. అది సంగీతం. కాగితం మీద మాటల్ని చదివితే గుండె చెరువవుతుంది. వింటే మాత్రం ఒళ్లు లేచి నిలబడుతుంది. ట్యూన్ కట్టినప్పుడు ఈ కథ లేదు కాబట్టి, ఆ ట్యూన్‌కి ఈ కథకి లోబడి ఉండాల్సిన అవసరం లేకపోయింది. చరణాల్లో గొంతు కింద స్థాయిలో గొణుగుతున్నట్టు ఉంటుంది. పల్లవికి రాగానే విప్పారి పైకి లేస్తుంది. చెవికి అందే సంకేతం ‘పైకి’. మాట చెప్పే సంకేతం ‘కిందికి’. వినేవాళ్ల శరీరం చెవి మాటే వింటుంది.

ఆ తర్వాత సోలో. ఐదున్నర నిమిషాలు దాటే ఈ పాటలో చివరి భాగమంతా మైక్ మెక్‌క్రెడీ గిటార్‌దే. కిస్ బ్యాండ్ గిటారిస్టు ఏస్ ఫ్రేలీ శైలిలోంచి, ఆయన కూడా ఎత్తుకున్న డోర్స్ బ్యాండ్ గిటారిస్టు రాబీ క్రీగర్ వాయింపులోంచి తాను ఎత్తుకున్నానని మెక్‌క్రెడీ దాచుకోకుండా చెప్పాడు. వేర్లు ఎక్కడివైనా, ఈ పాటలో దాని స్థానం ప్రత్యేకం. జవాబు చెప్పేదెవరు అని అడిగాక, చివరి పల్లవి కూడా అయ్యాక, మాటల్లో ఇంకెవరూ ఏమీ చెప్పరు. గిటార్ అందుకుంటుంది, ఆపకుండా పైపైకి వెళుతుంది. ఆ ప్రశ్నకు పాటలో ఉన్న ఒకే జవాబు అదేనని నా నమ్మకం. ఆ జవాబుకి భాష లేదు కాబట్టి ఎవరి భాషలో వాళ్లు వినగలిగారు.

జనం గొంతులో శాపవిమోచనం

బ్యాండ్ ఊరూరా తిరగడం మొదలెట్టాక వెడ్డర్ ఊహించనిది జరిగింది. తాను నరకంగా భావించి పాడే వాక్యాన్ని జనం గంతులేస్తూ, నవ్వుతూ, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని పాడటం చూశాడు. 1993లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో ఆయన మాట రెండు వైపులా ఉంది. జీవితాన్ని గొప్పగా చాటే పాటగా అందరూ తీసుకుంటున్నందుకు సంతోషమే, తనకు మాత్రం అది చిత్రహింసే అన్నాడు.

2006లో ఒక టీవీ కార్యక్రమంలో ఆ మాట ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆ పల్లవి తనకు ఏళ్ల తరబడి ఒక శాపంలా ఉండేదని, ప్రతి రాత్రీ ఎదురుగా ఉన్న జనం దాన్ని తమకు తోచిన అర్థంతో పాడి పాడి, తనకు కూడా అర్థం మార్చేశారని చెప్పాడు. వాళ్లు శాపం తీసేశారు అన్నాడు.

శాపం, విమోచనం అనేవి మనకు కొత్త కాదు. అహల్య కథ దగ్గర్నుంచి మన పురాణాల్లో ఒక నియమం కనిపిస్తుంది. శాపం పొందినవాళ్లు తమంతట తాము విడిపించుకోలేరు. బయటి నుంచి ఎవరో రావాలి. ఆ వచ్చేవాళ్లకు తాము ఎవరినో విడిపిస్తున్నామని తెలియక్కర్లేదు కూడా. పెర్ల్ జామ్ కచేరీలో వెనక వరసలో నిలబడి, తన చెల్లెలి క్యాన్సర్ తగ్గిందన్న సంతోషంతో పల్లవి అందుకున్న మనిషికి, స్టేజి మీద ఉన్నాయన తండ్రి సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

ఒకే పల్లవిని ముగ్గురు పాడుతున్నారనుకుందాం. ఒకామె తాగుడు మానేసి సరిగ్గా ఏడాదైంది. ఆమెకు ‘ఇంకా’ అంటే ‘ఈ రోజు వరకూ నిలబడ్డాను’ అని. పక్కనే ఒక కుర్రాడు, కిందటి నెల అన్న పోయాడు. అతనికి ‘ఇంకా’ అంటే ‘వాడు లేకుండా’ అని. మూడో మనిషికి ఏ కష్టమూ లేదు, ట్యూన్ బాగుందని పాడుతున్నాడు. ముగ్గురి గొంతులూ ఒకే ధ్వనిగా కలుస్తాయి. ఆ కుర్రాడికి వినిపించేది తన ఒక్కడి గొంతు కాదు. ‘నేను’ అని రాసిన పల్లవిని వేలమంది కలిసి పాడినప్పుడు అది ‘మనం’ అయిపోతుంది. ‘నేనెందుకు మిగిలాను’ అనే ప్రశ్న ఒంటరి గదిలో పుడుతుంది. ‘మనం మిగిలాం’ అనే చోట దానికి అంత బలం ఉండదు.

అయితే అర్థం ఎవరి చేతిలో ఉంది?

రాసినవాడి ఉద్దేశమే అర్థం అనేవాళ్ల వాదనలో బలముంది. చరణాల్ని పట్టించుకోకుండా పల్లవిని మాత్రమే ఎత్తుకుంటే, దాని వెనక ఉన్న బాధ చెరిగిపోతుంది. గాయపడిన పిల్లల కథని జిమ్ములో వాడుకునే పాటగా మార్చేయడం రాసిన మనిషికి అన్యాయమే.

పాట విడుదలయ్యాక వినేవాళ్లదే అనేవాళ్ల వాదనలోనూ అంతే బలముంది. పాట కాగితం మీద ఉండదు, గొంతులో ఉంటుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు కొత్తగా పాడితే తప్ప దానికి ఉనికి లేదు.

మధ్యలో ఇంకో దారి ఉంది, నేను దానివైపు మొగ్గుతాను. మాటలోనే రెండు అర్థాలూ మొదటి నుంచీ ఉన్నాయి. వెడ్డర్ రాసినప్పుడు ఒకటి పైకి కనిపించింది, జనం పాడినప్పుడు రెండోది బయటపడింది. జనం ఒక్క అక్షరం కూడా మార్చలేదు, లేని అర్థాన్ని తెచ్చి అతికించలేదు. ఆ ‘ఇంకా’ అనే మాట ఎటైనా తిరగగలిగేది కాబట్టే అది సాధ్యమైంది. ‘నేను చావలేకపోతున్నాను’ అని ఆయన రాసి ఉంటే, ఎన్ని లక్షలమంది పాడినా శాపం శాపంగానే ఉండేది.

ఈ దారికి ఒక ఇబ్బంది ఉంది, అది కూడా చెప్పాలి. ఏ పాటకైనా ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు అనే వైపు ఇది జారిపోవచ్చు. అలా జారకుండా పట్టి ఉంచేది మూడో చరణం. ఆ ప్రశ్నకు చోటివ్వని అర్థం ఏదైనా ఈ పాటకు అసంపూర్ణమే. బతికున్నందుకు సంతోషించేవాళ్లు కూడా, పోయినవాళ్లు ఉన్నారన్న స్పృహతోనే ఈ పాట పాడాలి.

పాడలేకపోయిన నెలలు

ఆ స్పృహ బ్యాండ్‌కే పరీక్షగా వచ్చింది. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డె సంగీతోత్సవంలో పెర్ల్ జామ్ వాయిస్తుండగా జనం స్టేజి వైపు తోసుకొచ్చారు. తొక్కిసలాటలో తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి. కేకలు పెట్టి వెనక్కి జరగమని వెడ్డర్ వేడుకున్నాడు, అప్పటికే ఆలస్యమైంది. బ్యాండ్ యూరప్‌లో మిగిలిన కచేరీల్ని రద్దు చేసుకుంది.

తర్వాత అమెరికాలో మళ్లీ వాయించడం మొదలెట్టారు గానీ ‘అలైవ్’ జోలికి పోలేదు. ఎలా పాడతారు? తమ ఎదురుగా తొమ్మిదిమంది పోయాక, స్టేజి మీద నిలబడి ‘నేనింకా బతికే ఉన్నాను’ అనడం ఎంత పెద్ద మాట. పదేళ్ల కిందట ఊహించి రాసిన మూడో చరణం ఇప్పుడు నిజంగా వాళ్లని అడుగుతోంది. ఆ పర్యటన చివరి కచేరీ నవంబర్ 6న సొంతూరు సియాటిల్‌లో జరిగింది. ఆ రాత్రి ‘అలైవ్’ మళ్లీ పాడారు. ఆ తొమ్మిదిమంది 2002లో వచ్చిన ‘లవ్ బోట్ కెప్టెన్’ అనే పాటలోకి కూడా వచ్చారు, తమకు ఎన్నటికీ పరిచయం కాని స్నేహితులుగా.

వెడ్డర్ తరం సియాటిల్ గాయకుల్లో చాలామంది ఇప్పుడు లేరు. ఆండ్రూ వుడ్ తర్వాత 1994లో నిర్వాణ బ్యాండ్ కర్ట్ కోబేన్, 2002లో ఆలిస్ ఇన్ చైన్స్ బ్యాండ్ లేన్ స్టేలీ, 2017 మేలో వెడ్డర్‌కి అన్నలాంటి స్నేహితుడు, సౌండ్‌గార్డెన్ బ్యాండ్ క్రిస్ కార్నెల్. కార్నెల్ పోవడానికి కొద్ది వారాల ముందు, ఏప్రిల్‌లో, పెర్ల్ జామ్‌ని రాక్ కళాకారులకు గొప్ప గౌరవమైన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆ వేదిక మీద ‘అలైవ్’ వాయించడానికి, ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించి ఆ తర్వాత తాగుడు సమస్యతో బ్యాండ్ వదిలి వెళ్లిన డేవ్ క్రూసెన్‌ని పిలిచి డ్రమ్స్ ముందు కూర్చోబెట్టారు. ఆ రాత్రి పల్లవికి ఏ అర్థం ఉందో ఎవరూ విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

ఒక్కడు మాత్రం మిగిలిపోయాడు, కథలోని కుర్రాడు. శాపం తీరింది పాడినవాడికి. రాసిన పాత్రకి తీరలేదు. ‘ఫుట్‌స్టెప్స్’లో అతను ఇప్పటికీ ఆ జైలు గదిలోనే ఉన్నాడు. అరుదుగా కొన్ని రాత్రులు బ్యాండ్ మూడు పాటల్నీ రాసిన వరసలోనే వాయిస్తుంది. అలాంటి రాత్రి, మొదటి పాటలో చేతులెత్తి పల్లవి అందుకున్న జనమే, చేతులు దించి, అతని వెంట ఆ గది దాకా నడవాల్సి ఉంటుంది.